సికిల్ సెల్ ఉన్న పిల్లవాడికి చిగుళ్ళ నుంచి రక్తం: నోటి బ్యాక్టీరియా ఒంట్లో ఇనుము తినేస్తుందా?

గుణుపురం నుంచి ఒక అమ్మగారు అడిగారు. బాబుకి పదకొండేళ్ళు. సికిల్ సెల్ జబ్బు (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు), ఎస్‌ఎస్ రకం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ జన్యువే వచ్చింది. రోజూ హైడ్రాక్సీయూరియా (ఈ జబ్బు తీవ్రత తగ్గించే మందు), ఫోలిక్ యాసిడ్ వాడుతున్నాడు. హిమోగ్లోబిన్ ఏడున్నర దగ్గరే ఆగిపోయింది. కొన్నాళ్ళుగా పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది, కింది దవడలో ఒక పిప్పిపన్ను సలుపుతోంది. నోట్లో బ్యాక్టీరియా రక్తంలోని ఇనుము తినేస్తుందనీ, అందుకే పిల్లలకి రక్తం పట్టదనీ ఏదో వీడియోలో చూశారట. ఐరన్ టానిక్ పట్టించమంటారా, సికిల్ సెల్ ఉన్నవాళ్ళకి పన్ను తీయిస్తే ప్రాణం మీదికి వస్తుందంటున్నారు నిజమేనా అని ప్రశ్న.

అమ్మా, నేను రాయగడలో చాలా ఏళ్ళుగా పళ్ళ డాక్టర్ని. ఈ చుట్టుపక్కల సికిల్ సెల్ లేని ఊరు తక్కువ కాబట్టి ఇలాంటి పిల్లల్ని తరచూ చూస్తుంటాను. ముందు రెండు మాటలు ఖాయంగా చెప్తాను. ఐరన్ టానిక్ మీ అంతట మీరు పట్టించకండి. పన్ను సంగతి మాత్రం పండగ వెళ్ళాక చూద్దామని తోసెయ్యకండి. తీరిక ఉంటే మిగతాది చదవండి.

వీడియోలో సగం నిజం ఉంది. పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అని ఒక బ్యాక్టీరియా ఉంది, పెద్దవాళ్ళ చిగుళ్ళ జబ్బులో పేరుమోసింది. గాలి తగలని చోటే బతుకుతుంది కాబట్టి పంటికీ చిగురుకీ మధ్య లోతుగా పడ్డ సందు దాని ఇల్లు. దానికి బతకడానికి హీమ్ కావాలి. హీమ్ అంటే ఒక వలయం, మధ్యలో ఇనుము. ఒక్కో హిమోగ్లోబిన్‌లో ఇవి నాలుగుంటాయి. రక్తం ఎర్రదనం దీనిదే, ఆక్సిజన్‌ని పట్టుకునేదీ ఇదే. మన ఎముక మూలుగ, కాలేయం ఎనిమిది ఎంజైములతో దీన్ని సొంతంగా చేసుకుంటాయి. ఈ బ్యాక్టీరియాకి ఆ తయారీ చేతకాదు, చేసినవాళ్ళ దగ్గర లాక్కోవలసిందే. జింజిపైన్లు అనే కత్తెర ఎంజైములతో హిమోగ్లోబిన్‌ని తుంచి హీమ్‌ని బయటికి లాగుతుంది.

ల్యాబులో చూస్తే ఈ సంగతి కళ్ళకి కడుతుంది. రక్తం కలిపిన అగర్ ప్లేటు (బ్యాక్టీరియాని పెంచే జెల్లీ పళ్ళెం) మీద ఈ బ్యాక్టీరియాని వేసి, ఆక్సిజన్ లేని జాడీలో పెడతారు. మొదట్లో లేతరంగు చుక్కలే కనిపిస్తాయి, ప్రత్యేకంగా ఏమీ ఉండదు. నాలుగో రోజు దాటాక చుక్కల అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి, ఆ రంగు లోపలికి పాకుతుంది, ఎనిమిదో రోజుకల్లా చుక్క మొత్తం నల్లగా నిగనిగలాడుతుంది. ఆ నలుపంతా ప్లేటులోని రక్తం నుంచి తీసి ఒంటికి పూసుకున్న హీమే. తిండి నిల్వగానే కాదు, ఆక్సిజన్ దెబ్బ నుంచి కవచంగా కూడా అది పనికొస్తుంది. మన ప్రాంతానికి బాగా తెలిసిన మలేరియా పరాన్నజీవి కూడా హిమోగ్లోబిన్‌నే తింటుంది కానీ, మిగిలిన హీమ్ తనకే విషం కాబట్టి దాన్ని గట్టి రేణువులుగా మార్చి పక్కన పడేస్తుంది. క్లోరోక్విన్ సరిగ్గా ఆ పనికే అడ్డం పడుతుంది.

ఇది ఒంటరి దొంగ కూడా కాదు. నోట్లో మామూలుగా ఉండే స్ట్రెప్టోకాకస్ గార్డోనై అనే బ్యాక్టీరియా హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతుంది. దాని దెబ్బకి హిమోగ్లోబిన్‌లో ఇనుము రూపం మారి ఆక్సిజన్ మొయ్యలేని మెథిమోగ్లోబిన్ అవుతుంది, హీమ్ మీద పట్టు సడలుతుంది, ఆ హీమ్ జింజివాలిస్‌కి సులువుగా దొరుకుతుంది. 1986లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, హీమ్ పుష్కలంగా ఇచ్చి పెంచిన ఈ బ్యాక్టీరియా ఎలుకల ప్రాణం తీసింది. హీమ్ కరువులో పెంచినదానికి అంత పదును లేదు. చిగుళ్ళ రక్తాన్ని తేలిగ్గా తీసుకోవద్దని మేము మొత్తుకునేది ఇందుకే. రక్తం వచ్చేకొద్దీ వాటికి మేత, మేత దొరికేకొద్దీ చిగురు వాపు, వాపు కొద్దీ మళ్ళీ రక్తం.

ఇక తప్పు సగం. ఒంట్లో ఇనుము తగ్గేంతగా ఈ బ్యాక్టీరియా తినగలదా? లెక్క వేద్దాం. హిమోగ్లోబిన్ ఏడున్నర ఉంటే ఒక మిల్లీలీటరు రక్తంలో ఇనుము పావు మిల్లీగ్రాము. ఇరవై చుక్కలైతే ఒక మిల్లీలీటరు. బాబుకి రోజూ నాలుగు చుక్కల రక్తం పోయిందనుకున్నా ఇనుము పోయేది మిల్లీగ్రాములో ఇరవయ్యో వంతు. పూటకింత చోడంబలి, ఆకుకూర తినే పిల్లాడికి అదొక నష్టమే కాదు. పైగా పదకొండేళ్ళ పిల్లల చిగుళ్ళలో జింజివాలిస్ పాత్ర తక్కువ. ఈ వయసులో రక్తానికి ఎక్కువగా కారణం పాచే, యుక్తవయసు హార్మోన్లు దానికి తోడు.

చిగుళ్ళ జబ్బు బాగా ముదిరిన పెద్దవాళ్ళలో కొంచెం రక్తహీనత కనిపించడం నిజమే. దాని దారి వేరు. వాపు ఎడతెగకుండా ఉంటే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోను ఎక్కువగా వదులుతుంది. అది ఇనుముని పేగులో, నిల్వ కణాల్లో బందీ చేస్తుంది. ఇనుము ఇంట్లోనే ఉంటుంది, బీరువా తాళం మాత్రం తెరుచుకోదు.

మీ బాబు సంగతి పూర్తిగా వేరు. మామూలు ఎర్రకణం నూట ఇరవై రోజులు బతికితే, సికిల్ కణం పది నుంచి ఇరవై రోజుల్లో పగిలిపోతుంది. మూలుగ ఎంత పరిగెత్తినా అందుకోలేదు. ఎస్‌ఎస్ ఉన్నవాళ్ళలో హిమోగ్లోబిన్ ఆరు, తొమ్మిది మధ్య ఉండడం మామూలే. పగిలిన కణాల్లోని ఇనుము ఒంట్లోనే ఉంటుంది, బయటికి పంపే దారి శరీరానికి లేదు. రక్తం ఎక్కించిన ప్రతి యూనిట్‌తోనూ ఇంకో రెండు వందల మిల్లీగ్రాములకి పైగా చేరుతుంది. అది పేరుకుంటే కాలేయం, గుండె దెబ్బ తింటాయి. అందుకే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేసి, లోటు ఉందని డాక్టరు తేల్చితే తప్ప ఐరన్ వద్దు. హిమోగ్లోబిన్ పెరగాలంటే హైడ్రాక్సీయూరియా మోతాదు బరువుకి సరిపోతోందా లేదా అని అడగండి. పిల్లలు పెరుగుతారు, చీటీలో మోతాదు పాతదే ఉండిపోతుంది. నేను చాలాసార్లు చూసే సంగతి ఇది.

బ్యాక్టీరియా వల్ల సికిల్ జబ్బు రాదు, అది తల్లిదండ్రుల నుంచి వచ్చిన జన్యువు. కానీ సికిల్ ఉన్న ఒంట్లో పంటి ఇన్ఫెక్షన్ మామూలు ఇన్ఫెక్షన్‌లా ఊరుకోదు. కణం పగిలినప్పుడు బయటపడ్డ హిమోగ్లోబిన్‌ని పట్టుకోడానికి హాప్టోగ్లోబిన్, విడి హీమ్‌ని పట్టుకోడానికి హీమోపెక్సిన్ అని రక్తంలో కాపలా ప్రోటీన్లుంటాయి. సికిల్ ఉన్నవాళ్ళలో ఇవి ఎప్పుడూ అడుగంటే ఉంటాయి. పట్టుకునేవాళ్ళు లేని హీమ్ రక్తనాళాల లోపలి పొరని రెచ్చగొడుతుంది, తెల్లకణాలు అంటుకునేలా చేస్తుంది. అప్పటికే అలా రాజుకుని ఉన్న ఒంట్లో దవడ చీము, జ్వరం, సలుపుకి తిండీ నీళ్ళూ మానేయడం తోడైతే నొప్పి సంక్షోభం, అదే మీరు క్రైసిస్ అంటారే, దానికి దారి పడినట్టే. ఇంకో సంగతి, ఈ పిల్లల్లో ప్లీహం చిన్నప్పుడే పనిచెయ్యడం మానేస్తుంది. రక్తంలోకి వచ్చిన బ్యాక్టీరియాని వడపోసేది అదే. ఐదేళ్ళ లోపు పిల్లలకి రోజూ పెన్సిలిన్ ఇచ్చేదీ, న్యుమోకాకస్ టీకా వేయించమనేదీ అందుకే. బాబుకి ఆ టీకా పడిందో లేదో కార్డు తీసి చూడండి.

అలాగని చిగుళ్ళు శుభ్రం చేయిస్తే క్రైసిస్‌లు ఆగిపోతాయని ఎవరైనా అంటే నమ్మకండి. జింజివాలిస్ పేరు చెప్పి కీళ్ళవాతం, మతిమరుపు, పేగు కేన్సరు అన్నీ నోటికి అంటగట్టేవాళ్ళు ఎక్కువయ్యారు. ఈ జబ్బుల్లో కొన్నిటితో నోటి బ్యాక్టీరియాకి సంబంధం కనిపించిన మాట వాస్తవమే. సంబంధం కనిపించడం వేరు, అదే కారణమని తేలడం వేరు. జింజిపైన్లని అడ్డుకునే ఒక మందుని అల్జీమర్స్ రోగుల మీద పెద్ద ఎత్తున పరీక్షించారు. 2021లో ఫలితాలు వస్తే జబ్బు మందగించలేదని తేలింది. వీడియోలు ఆ భాగం చెప్పవు.

ఇప్పుడు మీ బాబు నోటికి వద్దాం. పంటి దగ్గరికి రాకముందే ఒక రక్తపరీక్ష, సీబీసీ, అంటే రక్తకణాల లెక్క. చిగుళ్ళ రక్తం అంటే అందరూ పాచి అనుకుంటారు, తొంభై పాళ్ళు అదే అవుతుంది కూడా. కానీ హైడ్రాక్సీయూరియా వాడే పిల్లాడిలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు రెండూ పడిపోవచ్చు, నోట్లో పుళ్ళూ రావచ్చు. తోమకుండానే రక్తం వస్తున్నా, ఒంటి మీద ఎర్రచుక్కలు, నల్లమచ్చలు కనిపించినా, చిగుళ్ళు ఉన్నట్టుండి ఉబ్బినా పళ్ళ డాక్టరు దగ్గర కూర్చోవద్దు, ముందు రక్తం చూసే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

సీబీసీ బాగుంటే క్లీనింగ్ చేయించవచ్చు, పన్నుకి పని చేయించవచ్చు. సికిల్ ఉన్నవాళ్ళకి పన్ను ముట్టుకోకూడదన్నది ఈ ప్రాంతంలో పాతుకుపోయిన భయం. దానివల్ల జరిగే చెడే ఎక్కువ. క్రైసిస్ లేని రోజుల్లో, లోకల్ మత్తుతో, పొద్దున్నపూట, చిన్న చిన్న సిట్టింగులుగా చేస్తే పన్ను తీయడం కూడా ప్రమాదకరమైన పని కాదు. ముందురోజు నుంచి నీళ్ళు బాగా తాగించండి. పరగడుపున తీసుకురావద్దు. ఏసీ గదిలో వణుకుతూ కూర్చోబెట్టకండి, చలి ఈ పిల్లలకి పడదు. పన్ను తీసేటప్పుడు యాంటీబయాటిక్ ముందుగా ఇవ్వాలా అన్నది డాక్టర్ల మధ్య కూడా ఒక్క మాట మీద లేదు. నేనైతే ప్లీహం పనిచెయ్యని పిల్లాడని గుర్తుపెట్టుకుని, అతని మందులు చూసే డాక్టరుతో ఫోన్లో మాట్లాడి నిర్ణయిస్తాను. పూర్తి మత్తు ఇవ్వాల్సి వస్తే మాత్రం క్లినిక్కులో వద్దు. బరంపురం ఎంకేసీజీకో, కోరాపుట్ మెడికల్ కాలేజీకో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్ళండి, అవసరమైతే ముందుగా రక్తం ఎక్కించి చేస్తారు.

పన్ను తియ్యాలా, రూట్ కెనాల్ చెయ్యాలా అంటే, పదకొండేళ్ళకి అది శాశ్వత దంతం అయ్యే అవకాశం ఎక్కువ. నిలబెట్టగలిగితే నిలబెట్టమనే అంటాను. తీసెయ్యడం చవక, ఒక్క పూటలో అయిపోతుంది, కానీ వాడు ఇంకో యాభై ఏళ్ళు నమలాలి.

ఒక్క మెలిక ఉంది, ఇది చాలామంది పళ్ళ డాక్టర్లకీ తట్టదు. దవడ ఎముకలో సన్నని రక్తనాళాలు సికిల్ కణాలతో మూసుకుపోతే, పుచ్చని పన్ను కూడా పోటు పెడుతుంది. కొన్నిసార్లు పైకి చక్కగా ఉన్న పంటి లోపల నరం చచ్చిపోతుంది. పిల్లాడు పన్ను నొప్పి అని ఏడుస్తాడు, పన్ను తీస్తారు, నొప్పి పోదు, పక్క పన్ను కూడా తీస్తారు. పన్నులో పుచ్చు, ఎక్స్‌రేలో వేరు కింద మచ్చ, తడితే నొప్పి, వీటిలో ఏదీ లేకపోతే పట్టకారు కింద పెట్టి క్రైసిస్ సంగతి ఆలోచించాలి. కింది పెదవి, గడ్డం మొద్దుబారింది అని బాబు చెప్తే అది మరీ ముఖ్యం. దవడ ఎముకలో నరం దగ్గర దెబ్బ తగిలిందని అర్థం, వెంటనే డాక్టరుకి చూపించాలి. ఎముకకి ఇన్ఫెక్షన్ పట్టినా ఇలాగే మొదలవుతుంది.

నొప్పికి ఈలోగా బరువుకి తగ్గ పారాసెటమాల్ చాలు. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాల మీద పడతాయి, డాక్టరుని అడగకుండా వద్దు. ఆస్పిరిన్ పిల్లలకి వద్దే వద్దు. మాత్రని పన్ను మీద నొక్కిపెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది, చిగురు కాలి తెల్లగా ఊడొస్తుంది. మందుల షాపులో దొరికే మొద్దుబార్చే జెల్‌లో బెంజోకెయిన్ ఉంటే పెట్టకండి. పైన స్ట్రెప్టోకాకస్ హీమ్‌కి చేసేదేమిటో చెప్పానే, అదే పని ఈ మందు ఒంట్లో చేసే ప్రమాదం ఉంది. పెదవులు నీలంగా మారతాయి, రక్తం చాక్లెట్ రంగులోకి వస్తుంది. రెండేళ్ళ లోపు పిల్లల చిగుళ్ళకి అది రాయవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా హెచ్చరించింది. అసలే ఆక్సిజన్ మోసే శక్తి సగమున్న పిల్లాడికి ఏ వయసులోనైనా అది వద్దని నా మాట.

తోముకోవడం గురించి ఎక్కువ చెప్పను. మెత్తని బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు, రాత్రి పడుకునే ముందు తప్పనిసరి. రక్తం వస్తోందని అక్కడ తోమడం మానేస్తే ఇంకా ఎక్కువ వస్తుంది. సంతలో కట్టలు కట్టి అమ్మే దాంతకాఠీలు (పళ్ళు తోమే పుల్లలు), వేప పుల్ల వాడేవాళ్ళు వాడుకోండి, కానీ పుల్ల చిగురు సందులోకి వెళ్ళదు, అందులో ఫ్లోరైడ్ ఉండదు.

గుడాఖు విషయం మాత్రం కఠినంగానే చెప్తాను. పొద్దున్నే వేలితో తీసి చిగుళ్ళకి రుద్దుకునే ఆ ముద్ద పొగాకు, బెల్లప్పాకం. ఒడిశా వైపు ఆడవాళ్ళలో ఇది పళ్ళపొడి కింద జమ. పిల్లాడికి పన్ను సలిపితే నాయనమ్మ కొంచెం రాస్తుంది, సలుపు తగ్గినట్టే ఉంటుంది. నికోటిన్ రక్తనాళాలని బిగిస్తుంది కాబట్టి చిగుళ్ళ రక్తం కూడా తగ్గినట్టు కనిపిస్తుంది. లోపల ఎముక కరుగుతుంటే పైకి రక్తం కనబడదు. మా క్లినిక్కుకి పళ్ళు కదిలాక వచ్చే ఆడవాళ్ళు చాలామంది చెప్పేది ఒకటే, ఇన్నాళ్ళూ ఒక్క చుక్క రక్తం రాలేదు డాక్టరుగారూ అని. ఇంట్లో ఎవరికి ఆ డబ్బా ఉన్నా బాబు చేతికి అందనివ్వకండి.

జ్వరం 101 దాటితే, పన్ను వల్లే కదా అని ఇంట్లో కూర్చోకండి. సికిల్ పిల్లాడికి జ్వరం అంటే ఆ రాత్రే ఆసుపత్రి.

ఇదే ప్రశ్న కింద మరో ఇద్దరు రాశారు, వాళ్ళకీ ఇక్కడే.

పర్లాకిమిడి నుంచి తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని పుట్టుజబ్బు) ఉన్న పాప నాన్నగారికి: పై దవడ ముందుకు రావడం, పళ్ళ మధ్య సందులు పడడం మూలుగ ఎక్కువగా పనిచేసి ఎముకని ఉబ్బించడం వల్ల, రక్తం సరిగ్గా ఎక్కిస్తుంటే అది తగ్గుతుంది. క్లిప్పులు పెట్టించే తొందర ఇప్పుడు వద్దు. ఒంట్లో పేరుకున్న ఇనుముని బయటికి పంపే డెఫెరిప్రోన్ మందు వాడుతున్నామన్నారు. ఆ మందు మీద ఉండగా నోట్లో పుళ్ళు, గొంతునొప్పి, జ్వరం కలిసి వస్తే మాత్ర ఆపి, అదే రోజు తెల్లకణాల పరీక్ష చేయించండి. దాన్ని నోటిపూత అనుకుని బి-కాంప్లెక్స్ మింగిస్తూ కూర్చుంటే ప్రాణాపాయం.

జయపురం నుంచి రాసిన అమ్మాయికి: మీ ఆయన బ్యాటరీల దుకాణంలో పాత ప్లేట్లు కరిగిస్తారన్నారు, చిగుళ్ళ అంచున నీలి నలుపు గీత పడిందన్నారు, మెలిపెట్టే కడుపునొప్పి, మలబద్ధకం, మొహం పాలిపోవడం ఉన్నాయన్నారు. చిగుళ్ళు క్లీన్ చేయించినా గీత పోలేదని రాశారు. పోదమ్మా, అది పంటి మీద గార కాదు. పీల్చిన, మింగిన సీసం రక్తంలో తిరుగుతుంది. పాచిలోని బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు వదులుతుంది. రెండూ చిగురు అంచులో కలిసి లెడ్ సల్ఫైడ్‌గా కండలోనే దిగబడతాయి. 1840లో బర్టన్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీన్ని వివరించాడు. నోరు శుభ్రంగా ఉన్నవాళ్ళకి ఒంట్లో అంతే సీసం ఉన్నా గీత పడకపోవచ్చు, అంచేత ఆ దుకాణంలో గీత లేని కుర్రాళ్ళు క్షేమం అనుకోకండి. సీసం హీమ్ తయారీలో రెండు ఎంజైములని తొక్కేస్తుంది, ఆ పాలిపోవడం అందువల్లే. ఆ కడుపునొప్పి పోర్ఫిరియా అనే పుట్టుకతో వచ్చే హీమ్ జబ్బు నొప్పిలాగే ఉంటుంది, అపెండిక్స్ అనుకుని కోసిన సందర్భాలూ ఉన్నాయి. ఐరన్ మాత్రలు మింగిస్తే సరిపోదు. రక్తంలో సీసం ఎంత ఉందో కొలిపించండి, బ్యాటరీ పని చేస్తారని డాక్టరుకి మీరే ముందుగా చెప్పండి, వాళ్ళు అడగరు. రిపోర్టు వచ్చేదాకా ఆయన్ని ఆ పని ఆపమనండి. ఇన్నాళ్ళూ ఆ దుకాణం బట్టలతోనే ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకునేవారన్నారు కదా, పిల్లలకీ అదే పరీక్ష చేయించండి. ముందు చిన్నదానికి.